ఊరి పేరు ఢిల్లీలో మోగిన రోజున మొదలుపెట్టవలసిన పనులు

2025 జనవరి 26 ఉదయం నాగపూర్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని గణతంత్ర కవాతు చూస్తున్నాను. కర్తవ్యపథ్ మీదికి ఆంధ్రప్రదేశ్ శకటం వచ్చింది. ‘ఏటికొప్పాక’ అన్న మాట చెవిన పడగానే లేచి నిలబడ్డాను. మాది ఆ ఊరే, లక్క రంగు పట్టించిన కర్ర బొమ్మల ఊరు. వరాహ నది ఒడ్డున పుట్టి, ఆ లక్కపిడతలతో ఉత్తుత్తి వంటలు వండి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక ఇరవై ఆరేళ్లుగా మహారాష్ట్రలో ఉంటున్నాను. ఈ ఇరవై ఆరేళ్లూ ఎవరు ఏ ఊరని అడిగినా ‘వైజాగ్ దగ్గర’ అనేదాన్ని. అంతకంటే చెప్పినా ఎవరికీ తెలియదని అనుకునేదాన్ని. ఆ రోజు మా ఊరి పేరు నేను చెప్పకుండానే వీధిలో అందరికీ తెలిసింది.

పది నిమిషాల్లో పక్కింటి మరాఠీ ఆవిడ వచ్చింది. ఆవిడ సంతోషం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. కూర్చోకముందే మూడు ప్రశ్నలు వేసింది. బొమ్మలు దేనితో చేస్తారు, రంగు ఎలా పడుతుంది, కొనాలంటే ఎక్కడ దొరుకుతాయి? మూడింటిలో ఒక్కదానికీ నేను పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. మేం రైతులం. మా నాన్న చెరకు పండించి చక్కెర ఫ్యాక్టరీకి తోలేవారు. లేత్ మిషన్ల చప్పుడు నిద్రలోనూ వినిపించే వీధిలో పెరిగాను, ఆ మిషన్ ముందు ఒక పూటైనా నిదానంగా కూర్చుని చూడలేదు. ఆ సాయంత్రమే ఒక నోటు పుస్తకం తీసి పెట్టాను. వేసవి సెలవుల్లో ఊరు వెళ్లి, పనివాళ్ల దగ్గర కూర్చుని, దాన్ని నింపాను.

చిన్న ఊరికో, ఎవరి నోటా పెద్దగా వినపడని రాష్ట్రానికో దేశం ముందు పేరు వచ్చినప్పుడు జనం మనవైపు తిరిగి చూసేది కొద్ది రోజులే. ఆ చూపు ఆ పని చేసిన చేతుల దాకా వెళ్లాలంటే మనం ఏం చేయాలన్నదే ఇక్కడ రాస్తున్నాను. నా ఉదాహరణలన్నీ మా ఊరివి. మీ ఊరిది నేతో, లోహపు పనో, పంటో అయితే ఆ మాటలు మార్చుకోండి.

వచ్చింది ఏమిటో ముందు సరిగ్గా తెలుసుకోండి

శకటాల ఫలితాలు ప్రకటించిన రోజున మా బంధువుల వాట్సాప్‌లో ఒకరు ‘మన శకటానికి ప్రథమ బహుమతి’ అని రాశారు. నిమిషాల్లో నలభై దండాలు, పూలు వచ్చిపడ్డాయి. అది నిజం కాదు. న్యాయనిర్ణేతల ఎంపికలో మొదటి స్థానం ఉత్తరప్రదేశ్‌ది, రెండోది త్రిపురది, మూడోది మనది. ఆ మాట రాశాను. మా చిన్నాన్న నొచ్చుకుని ఫోను చేశారు. ‘మంచి మాట అనుకుంటున్నప్పుడు నువ్వు మధ్యలో లెక్కలు తీయాలా అమ్మా’ అన్నారు. తీయాలి చిన్నాన్నా, అన్నాను. దేశంలోని ఇన్ని రాష్ట్రాల శకటాల మధ్య, అనకాపల్లి జిల్లాలోని ఒక పల్లె బొమ్మ మూడో స్థానంలో నిలబడటం చిన్న సంగతి కాదు. దాన్ని ఒకటి చేసి చెబితే, వినేవాడు సరిచూసుకున్న రోజున ఆ మూడు మీద కూడా నమ్మకం పోతుంది.

త్రిపుర గురించి కూడా చెప్పండి. పద్నాలుగు మంది దేవతలకు చేసే ఖర్చీ పూజను వాళ్లు శకటం మీద తెచ్చారు. మూడు వైపులా బంగ్లాదేశ్ సరిహద్దు ఉన్న ఆ చిన్న రాష్ట్రం గురించి మా వీధిలో ఎవరికైనా ఏమైనా తెలుసా అంటే అనుమానమే. అగర్తలాలో ఏ ఇంట్లోనో నాలాంటి మనిషి ఒకరు టీవీ ముందు లేచి నిలబడే ఉంటారు. మన గెలుపు చెప్పేటప్పుడు వాళ్ల పేరు కలిపితే మన మాటకు బరువు పెరుగుతుందే గాని తగ్గదు.

ఒక్కో గుర్తింపు ఒక్కో రకం. వాటిని కలిపేయకూడదు. మా పుస్తకంలో మొదటి పేజీ ఇలా రాసుకున్నాను. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరును ఆ ఊరి సరుకుకే వాడాలని చట్టం ఇచ్చే హక్కు అది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఈ బొమ్మల గురించి మాట్లాడారు. అది ప్రచారం. 2023లో సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. సహజ రంగుల కోసం ఆయన చేసిన కృషికి దక్కిన గౌరవం అది. 2025 శకటం రాష్ట్రానికి వచ్చిన గౌరవం. ఈ నాలుగింటిలో పనివాడికి రోజూ ఉపయోగపడేది మొదటిది. విచిత్రంగా, ఊళ్లో చాలామంది చివరిదాని గురించే మాట్లాడతారు. మొదటిదాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఊరు ఎక్కడుందో చెప్పడం

‘వైజాగ్ దగ్గర’ అనడం మానేశాను. అవతలి మనిషికి తెలిసిన చోటి నుంచి మొదలుపెట్టి మన గుమ్మం దాకా తీసుకురావాలి. హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గం చాలామందికి తెలుసు. విశాఖపట్నం దాటాక అనకాపల్లి, తర్వాత యలమంచిలి, తర్వాత నర్సీపట్నం రోడ్డు, ఆపైన తుని. యలమంచిలిలో దిగితే మా ఊరు దగ్గరే. పేరులోనే ఏరు ఉంది, ఆ ఏరు వరాహ. ఇంత చెబితే వినేవాళ్ల మనసులో ఒక రైలు, ఒక నది, ఒక ఊరు నిలుస్తాయి.

పాత రాతల్లో మా ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉన్నట్టు కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది కాబట్టి రెండూ సరైనవే. పిల్లలు పాఠశాల ప్రాజెక్టు కోసం అడిగితే ఈ తేదీ చెప్పండి, తికమక పడరు.

పనిని చేతులతో చెప్పండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే ఎక్కువ రాస్తున్నాను. ‘శతాబ్దాల నాటి అద్భుత కళ’ అని చెబితే వినేవాళ్లు తల ఊపి ఊరుకుంటారు. ఎలా చేస్తారో చెబితే వాళ్ల కళ్లు మారతాయి. నేను చూశాను.

కర్ర పేరు అంకుడు. తెల్లగా, తేలికగా, నారలు పైకి లేవకుండా నున్నగా ఉంటుంది. కోసి తెచ్చిన దుంగను వెంటనే వాడరు, బాగా ఆరనిస్తారు. పచ్చి కర్రతో చేస్తే తర్వాత పగులుతుంది. ఆరిన ముక్కను లేత్‌కు బిగించి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు చెక్కేవారు. ఇప్పుడు మోటారు తిప్పుతుంది. ఆకారం వచ్చాక, అదే తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పక్కింటి ఆవిడకు ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ అరచేతులు రెండూ గట్టిగా రుద్దమన్నాను. ‘ఆ వేడే’ అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఇంటికి వచ్చిన ప్రతివారి చేతా అరచేతులు రుద్దించి మరీ చెబుతోంది.

లక్క చెట్ల కొమ్మల మీద బతికే పురుగు ఇచ్చే పదార్థం. అందులో రంగు కలుపుతారు. పసుపుపచ్చకు మన వంటింటి పసుపు, నారింజ ఎరుపుకు జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు మొక్క, ఆకుపచ్చ కావాలంటే పసుపు, నీలం కలపడం. చివరికి తిరుగుతున్న బొమ్మ మీద మొగలి ఆకు ఆనిస్తే అద్దంలాంటి నునుపు వస్తుంది. మా వీధి చివర పెద్దాయన ఆ ఆకును వేళ్ల మధ్య పట్టే తీరు చూడాలి. పసిబిడ్డ బుగ్గ తుడుస్తున్నట్టు ఉంటుంది. ఎంత ఒత్తాలో ఎలా తెలుస్తుందని అడిగితే, చప్పుడు మారుతుందమ్మా, విను అన్నారు. మూడోసారికి నాకూ వినిపించింది.

జనం తప్పకుండా కొండపల్లి అంటారు. విసుగుపడకండి. కొండపల్లి బొమ్మలు కృష్ణా తీరానివి. అవి తెల్లపొణికి కర్రతో చెక్కి, ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, కుంచెతో రంగు వేసేవి. మావి లేత్ మీద తిరిగి పుట్టినవి, అందుకే గుండ్రటి వంపులు ఎక్కువ. నిర్మల్ బొమ్మలు తెలంగాణవి, అవీ కుంచె పనే. దగ్గరి చుట్టం కావాలంటే కర్ణాటకలోని చన్నపట్టణం. అక్కడా ఇదే జాతి కర్ర, ఇదే లక్క, ఇదే లేత్. మాది గొప్ప, వాళ్లది కాపీ అని ఎవరైనా అంటే నేను అడ్డుకుంటాను. ఒకే చెట్టు నుంచి రెండు ఊళ్లు తమ తమ బొమ్మలు చేసుకున్నాయి. పోలిక చెప్పడానికి తేడా తెలిస్తే చాలు, ఎవరినీ తక్కువ చేయనక్కరలేదు.

కొనేవారికి ఏం చెప్పాలి

దేశమంతా చూసిన మర్నాటి నుంచి ఆ పేరుతో ఎక్కడెక్కడివో అమ్ముతారు. అందువల్ల గుర్తులు తెలియాలి. లక్క బొమ్మ మీద కుంచె గీత కనపడదు. రంగు పట్టీ బొమ్మ చుట్టూ ఒకే మందంలో తిరిగి, అంచు సన్నగా తెగినట్టు ఉంటుంది. అడుగున గాని, రంగు వేయని చోట గాని చూస్తే తెల్లటి కర్ర, లేత్ పట్టిన గుర్తు కనిపిస్తాయి. రెండు ఒకే రకం భరిణెలు పక్కపక్కన పెడితే వెంట్రుక వాసి తేడా ఉండాలి. అచ్చంగా ఒకేలా ఉంటే నేను ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను.

రంగు సహజమైనదా అని అమ్మేవాళ్లను నేరుగా అడగండి. లక్క పనిలో రసాయన రంగులు వాడేవారూ ఉన్నారు. అడిగేవాళ్లు పెరిగితేనే సహజ రంగుకు పట్టే అదనపు శ్రమకు విలువ దొరుకుతుంది. పసిపిల్లలకైతే గిలక్కాయలాంటి ఒకటే ముక్కగా ఉన్నది తీసుకోండి. చిన్న చక్రాలూ పూసలూ ఉన్నవి కాస్త పెద్దయ్యాక ఇవ్వండి.

కొన్నాక జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే బొమ్మ పాడై పేరు పోతుంది. లక్కకు వేడి పడదు. పొయ్యి పక్కన, ఎండ నేరుగా పడే కిటికీలో పెట్టకూడదు. నీళ్లలో నానబెట్టకూడదు, పొడిబట్టతో తుడిస్తే చాలు. అన్నిటికంటే పెద్ద శత్రువు స్పిరిట్. కరోనా రోజుల్లో ఇంట్లో ప్రతి వస్తువునూ శానిటైజర్‌తో తుడిచేదాన్ని. మా అమ్మ నా పెళ్లికి ఇచ్చిన కుంకుమ భరిణెను కూడా అలాగే తుడిచాను. ఎర్ర రంగు మొత్తం బట్టకు వచ్చేసింది. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని నాకు అప్పటికి తెలియదు. ఆ భరిణె ఇప్పటికీ నా దగ్గరే ఉంది, మచ్చతో. మీ వాళ్లకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

శుభకార్యాలకు కుంకుమ భరిణెలు పంచాలనుకుంటే కనీసం రెండు మూడు నెలల ముందు చెప్పి, కొంత సొమ్ము ముందుగా ఇవ్వండి. దసరా, సంక్రాంతి బొమ్మల కొలువుల ముందు పనివాళ్లకు ఊపిరి సలపదు. ఊరివాళ్లం కదా అని బేరం ఆడే అలవాటు మనలో ఉంది. దాన్ని మానుకోమని మా బంధువులందరికీ చెప్పాను, కొందరికి కోపం వచ్చినా. ఊరు మనదే, కాని కూలి వాళ్లది. ఊరు రాలేనివాళ్లు రాష్ట్ర ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షిలో అడగవచ్చు.

కాగితాల పని, చదువుకున్నవాళ్లు చేయవలసింది

మొదటి గుర్తింపు దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలవుతోంది. దాని రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. ఊరి బొమ్మకు గుర్తింపు వస్తే ఊళ్లో ప్రతి పనివాడికీ ఆ హక్కు దానంతటదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. రాదు. గుర్తింపు ఒక హక్కుదారు పేరున నమోదవుతుంది. బొమ్మ చేసే ప్రతివారూ విడిగా ‘అధీకృత వినియోగదారు’గా నమోదు కావాలి. అందుకు జీఐ-3 అనే దరఖాస్తు ఉంది. ఒకప్పుడు 500 రూపాయలున్న ఆ రుసుమును 2020లో 10 రూపాయలు చేశారు. పది రూపాయల పని ఆగిపోయేది డబ్బు లేక కాదు, కాగితం రాసిపెట్టేవాళ్లు లేక.

తాను ఆ వస్తువు తయారుచేస్తున్నట్టు వివరం, చిరునామా, ఆధారాలు జతచేయాలి. నమోదైన హక్కుదారు సంస్థ సమ్మతి పత్రం ముందే తీసుకుంటే పని సులువు. నమోదు పదేళ్లు గాని, బొమ్మకు వచ్చిన అసలు గుర్తింపు గడువు ముగిసేదాకా గాని, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవాలి. ఆ తేదీని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టమనండి. మా తమ్ముడి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో వాడిని మా వీధి చివర పెద్దాయన పక్కన కూర్చోబెట్టాను. మొదటి దరఖాస్తుకు ఒక పూటంతా పట్టింది, నాలుగోదానికి గంట. ఏ ఊళ్లోనైనా అలాంటి కుర్రవాడు ఒకడు ఉంటాడు. వాడికి ఈ పని అప్పగించండి.

ఇంకో కాగితం పహచాన్ కార్డు. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం పనివాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు ఇది. బొమ్మలవాళ్లకు దీని అవసరం మరీ ఎక్కువ. ఎందుకంటే 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే పిల్లల ఆటవస్తువులకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయింది. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకున్నవాడు ఆ పరీక్షల ఖర్చు భరించలేడు. అందుకే ఆ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవాళ్ల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను అధీకృత వినియోగదారులు తయారుచేసి అమ్మితే వాటికి మినహాయింపు ఇచ్చారు. కాగితం లేనివాడికి ఆ మినహాయింపు వర్తించదు. పెద్ద దుకాణం వాడు గుర్తు చూపించమన్నప్పుడు చేతిలో కార్డు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో ఆ పెద్దాయన ముఖంలో చూశాను.

నకిలీ కనిపిస్తే వీధిలో గొడవ పడకండి. బిల్లు, ఫోటో, అమ్మిన చోటు రాసుకుని హక్కుదారు సంస్థకు పంపండి. తప్పుడు భౌగోళిక గుర్తింపుతో అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని చట్టంలో ఉంది.

ఇవన్నీ ఉన్నా కర్ర లేకపోతే బొమ్మ లేదు. అంకుడు కొరత గురించి పనివాళ్లు అందరూ చెప్పారు. కిందటి వానాకాలం మా పొలం గట్టు మీద పన్నెండు మొక్కలు నాటించాను. కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది. మీ ఊరి పనికి ముడిసరుకు ఏ చెట్టో, ఏ మట్టో, ఏ నూలో ముందు కనుక్కోండి.

ఊరు చూపించేటప్పుడు

ఎవరైనా వస్తామంటే పొద్దున్నే తీసుకెళ్లండి, అప్పుడే పని జోరుగా ఉంటుంది. ఫోటో తీసే ముందు అడగాలి. లేత్ తిరుగుతుండగా పక్కన నిలబడి ప్రశ్నలు వేయకూడదు, ఉలి జారితే వేళ్లు పోతాయి. మిషన్ ఆపాక మాట్లాడాలి. గంటసేపు చూసి వట్టి చేతులతో తిరిగి రావద్దని ముందే చెప్పండి, ఒక బొంగరమైనా కొనాలి. మధ్యాహ్నం తర్వాత సమయం మిగిలితే అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ మీది బౌద్ధ గుహలు చూపించి, అనకాపల్లి బెల్లం కొనిపెట్టి రైలెక్కించండి.

పక్కింటి ఆవిడ ఈ వేసవికి మనవరాలితో కలిసి మాతో వస్తోంది. టికెట్లు తీశాం. తనకు ఇచ్చిన జాబితాలో అన్నీ సర్దుకున్నానని నిన్న వచ్చి చెప్పింది. ఒక ఖాళీ పెట్టె, బొమ్మలు చుట్టడానికి పాత చీర, పాత వార్తాపత్రికలు. మనవరాలికి లక్కపిడతలు ఎన్ని కావాలో అది మాత్రం పిల్ల అక్కడికి వచ్చాకే చెబుతుందట.